పాత టాకీసు కాడ దిగు

నయీంనగర్‌ల జిరాక్స్ షాపు మీది గది.
కింద మిషన్ హాల్‌టికెట్లు కక్కుతుంటే
మీద నేను
ఒక సాఫ్ట్‌వేర్‌కు దారి రాస్తున్న.

దాని పేరు తక్కెడ.
ఎలక్ట్రానిక్ కాంటా మీద బస్తా పెడితే
బరువు చదివి, చీటీ కొట్టి, లెక్క రాసి పెడుతది.
ఎవలైనా వాడుకోవచ్చు, విప్పి చూడొచ్చు,
నచ్చకుంటే మార్చుకోవచ్చు. పైస అడిగేటోడు లేడు.
కోడ్ శ్రీకర్‌ది. రెండేండ్ల రాత్రులు.
"అంత కోడ్‌లనే ఉంది గదా, చదువుకుంటే సరిపాయె" అంటడు.
ఇంట్ల పుట్టినోడు
ఇంటికి దారి అడుగుతడా?

వెబ్‌సైట్ నిలబెట్టుడు ఒక్క పూట పని.
ఎడమకు విషయసూచిక, పైన వెతుకుడు పెట్టె,
రాత్రి చదివేటోళ్ల కండ్లకు నల్ల తెర.
అర్రలన్నీ తయారైనయి, లోపల సామానే లేదు.

మొదటి పేజీకి నాలుగు రోజులు పట్టింది.
"తక్కెడను చాలా సులభంగా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు."
ఆ వాక్యం మీద నాకు మస్తు గర్వముండె.

ఐతారం నాడు ల్యాప్‌టాప్ సంకల పెట్టుకొని
ఎనుమాముల పోయిన.
మార్కెట్ వెనక కోల్డ్ స్టోరేజీల
కంప్యూటర్ ముంగట యాకలక్ష్మి.
"నువ్వు చదువుకుంట చేసుకుంట పో,
నేను నోరు తెరువ" అన్న.
రాసినోళ్లు నోరు మూసుకొని కూసునుడు
ఎంత కష్టమో ఆనాడు తెలిసింది.
తేజ మిర్చి ఘాటుకు నేను తుమ్ముతున్న.
ఆమె తుమ్మలే. వేలు పెట్టి చదువుతున్నది.

మొదటి మెట్టెక్కింది. రెండోదెక్కింది.
మూడో మెట్టు కాడ వేలు ఆగింది:
"ఎప్పటిలాగే పోర్టును ఎంచుకోండి."

"ఎప్పటిలాగే అంటే ఎప్పటి లెక్క అక్కా?
నాకు ఇదే మొదటిసారి గదా."

కొంచెం సేపయినంక, కోపంగ కాదు, మెల్లగ:
"సులభమని రాసినవు. నాకైతలేదు.
అంటే నాకు తెలివి లేనట్టా?"

కాంటా మీద ఎర్రంకె
సున్నా కాడనే నిలబడి చూస్తున్నది.

వచ్చేటప్పుడు ఆటోల, కోచింగ్‌కు కొత్తగ వచ్చిన పిల్లకు
డ్రైవర్ దారి చెప్తున్నడు:
"పాత టాకీసు కాడ దిగు, ఎడమకు తిరుగు."
టాకీసు కూలగొట్టి పదకొండేండ్లు.
ఆ జాగల ఫర్నిచర్ షోరూం అద్దాలు మెరుస్తున్నయి.
హనుమకొండ అంత ఇంకా ఆ టాకీసు కాడనే దిగుతది,
లేని గోడ కాడ మలుగుతది, ఇల్లు చేరుతది.
ఆ పిల్ల మాత్రం తల బయటపెట్టి
సినిమా పోస్టర్ కోసం దేవులాడుతున్నది.

ఆ రాత్రి "సులభంగా" కొట్టేసిన.
"ఎప్పటిలాగే" కొట్టేసిన. "అందరికీ తెలిసినట్టు",
"ఊరికే ఒక్క క్లిక్కు" — కొట్టేసిన.
కరెంటు పోయింది. బ్యాటరీ ఉన్నంతసేపు రాసిన:

"కాంటా వెనక నల్ల వైరు ఉంటుంది. ఫొటో చూడండి.
దాన్ని కంప్యూటర్‌కు తగిలించండి.
అంకె రాకపోతే తప్పు మీది కాదు. కింద చదవండి."

కింద రాసుడే పెద్ద పనాయె.

కొత్త వెర్షన్ వచ్చినంక శ్రీకర్ అన్నడు,
"పాత పేజీలు పీకేద్దాం, గజిబిజి."
పరకాల జిన్నింగ్ మిల్లుల
పాతదే నడుస్తున్నది ఇంకా, ధూది దుమ్ముల, రోజూ.
పీకలే. మీద ఒక పసుపు పట్టీ కట్టిన:
"ఇది పాత దారి. మీరు ఇక్కడే ఉంటే, ఇదే మీ దారి."

ప్రతి పేజీ అడుగున చిన్న అక్షరాలు:
"ఈ పేజీని సవరించండి."
రాతి మీద చెక్కింది కాదు గదా.
ఏడాదిల ఒక్కలు నొక్కలే.

నిన్న పొద్దుగాల ఒకటొచ్చింది. యాకలక్ష్మి.
మూడో మెట్టు కింద ఒకే వాక్యం చేర్చింది:

"శాంపిల్ మిర్చి తూచేటప్పుడు ఫ్యాన్ బంద్ చెయ్యాలె
గాలికి అంకె నిలవది"

చివర చుక్క పెట్టలే. నేనూ పెట్టలే,
ఉన్నదున్నట్టు ఒప్పుకున్న.

రెండేండ్ల రాత్రుల కోడ్‌ల
ఏ మూలకూ ఫ్యాన్ లేదు.